నీళ్లలో బ్యాండ్ ఎందుకొచ్చింది?

డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే మెత్తని పలకను జెల్ అంటాం. దాని ఫొటో చేతికి రాగానే మొదట చూడాల్సింది చివరి లేన్, అంటే చివరి నమూనా నడిచిన వరస. ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఈ సంగతి నాకు తెలియదు. 24 వరి మొక్కల ఆకుల నుంచి డీఎన్‌ఏ తీశాను. కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకు కోట్ల ప్రతులు తీసే పీసీఆర్ పెట్టి, జెల్ రన్ చేసి, యూవీ వెలుగులో చూసేసరికి 22 మొక్కల్లో మేం వెతుకుతున్న జన్యువు బ్యాండ్‌గా, అంటే వెలిగే గీతగా, కనిపించింది. ఆ ఫొటో పట్టుకుని సీనియర్ అక్క దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆమె ఆ 24 లేన్ల వైపు చూడనైనా లేదు. నేరుగా చివరి లేన్ మీద వేలు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"నీళ్లక్కా. నెగటివ్ కంట్రోల్."

"మరి నీళ్లలో బ్యాండ్ ఎందుకుంది?"

మసకగానే అయినా ఉంది. ఆ ట్యూబులో నేను ఆకు డీఎన్‌ఏ వేయలేదు, దాని బదులు శుభ్రమైన నీళ్లు వేశాను. అందులో ఏమీ రాకూడదు. "ఫొటో నోట్‌బుక్‌లో అంటించు. కింద ఫలితం అని మాత్రం రాయకు" అంది అక్క. ఆ లేన్ మళ్లీ ఖాళీగా కనిపించడానికి మూడు వారాలు పట్టింది. మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో రోజూ జరిగే పని గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదే.

ముందు ఆ జన్యువు సంగతి చెప్పాలి. వరికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తుంది. ఆకు కొన నుంచి అంచుల వెంబడి ఎండుకుంటూ కిందికి దిగుతుంది. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఈ తెగులును తట్టుకునే ఎక్స్ఏ21 అనే జన్యువు దొరికింది. 1995లో శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి చదవగలిగారు. మన సాంబ మసూరిలోకి ఈ జన్యువుతో పాటు మరో రెండింటిని చేర్చి హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఒక కొత్త రకాన్ని తయారుచేశాయి. అది 2008లో విడుదలైంది. నేనున్నది ఆ రెండూ కాని మరో ల్యాబ్. మేం వేరే రకం మీద అలాంటి పనే చేస్తున్నాం.

తెగులును తట్టుకునే మొక్కను మామూలు రకంతో సంకరం చేస్తారు. పుట్టిన పిల్ల మొక్కల్ని మళ్లీ ఆ మామూలు రకంతోనే సంకరం చేస్తారు. ఇలా తరం తర్వాత తరం నడుస్తుంది. ప్రతి తరంలో సుమారు సగం మొక్కలకే ఆ జన్యువు దక్కుతుంది. ఎవరికి దక్కిందో కంటితో చూసి చెప్పలేం కాబట్టి పీసీఆర్ చేస్తాం. జన్యువు ఉన్న క్రోమోజోమ్ నుంచి దాదాపు వెయ్యి బేస్ జంటల (డీఎన్‌ఏ అక్షరాల జోడీల) ముక్క వస్తుంది. లేనిదాని నుంచి అంతకన్నా చిన్న ముక్క వస్తుంది. రెండు బ్యాండ్లు కనిపిస్తే ఆ మొక్కను ఉంచుకుంటాం, కింది బ్యాండ్ ఒక్కటే ఉంటే పీకేస్తాం.

ఇప్పుడు నా ఫొటోకి వద్దాం. రావాల్సింది 12కి కాస్త అటూఇటూ, వచ్చింది 22. అది చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పెద్ద ముక్క ఎక్కడినుంచో వచ్చి అన్ని ట్యూబుల్లోనూ పడితే, జన్యువు లేని మొక్క కూడా రెండు బ్యాండ్లతో ఉన్నదానిలాగే కనిపిస్తుంది. మనం దాన్నే ఎంచుకుంటాం, దాంతోనే సంకరం చేస్తాం. ఓ సీజన్ గడిచాక పొలంలో తెగులు వచ్చినప్పుడు గానీ తప్పు బయటపడదు.

పీసీఆర్‌లో జరిగేది నిజానికి మూడు మెట్ల పని. సుమారు 95 డిగ్రీలకు వేడి చేస్తే డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి. 55, 60 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అంటే 20 అక్షరాలో అంతకు కొంచెం అటూఇటో ఉండేవి, తమ జోడీ ఉన్న చోట వెళ్లి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర టాక్ అనే ఎంజైమ్ అక్కడినుంచి మిగతా పోగు అల్లుతుంది. ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 సార్లు ఇలా తిరిగితే, లెక్క ప్రకారం ఒక్క అణువు 107 కోట్ల ప్రతులవుతుంది. 1983లో కారీ ముల్లిస్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఈ ఆలోచన చేశాడు. దానికి 1993లో నోబెల్ వచ్చింది. మొదట్లో వాడిన ఎంజైమ్ వేడికి పాడైపోయేది, అందుకని ప్రతి చుట్టులోనూ ట్యూబు మూత తీసి కొత్తగా వేయాల్సి వచ్చేది. యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ 1960లలో కనిపెట్టిన బాక్టీరియా ఈ కష్టం తీర్చింది. టాక్ దాని ఎంజైమే. మరిగే నీళ్లకు దగ్గరి వేడిలోనూ చెడిపోదు.

ఒక్క అణువు నుంచి కోట్లు తీయగలగడం పీసీఆర్ బలం. నీళ్లలో బ్యాండ్ రావడానికి కారణం కూడా అదే. మన వంటింట్లో దీనికి సరైన పోలిక ఉంది. పాలు తోడు పెట్టడానికి గిన్నెడు పెరుగు అక్కర్లేదు, పెరుగు అంటిన చెంచా చాలు. ఆ చెంచాను మరచిపోయి రేపటి కాఫీకి ఉంచిన పాలలో పెడితే తెల్లారేసరికి అవీ తోడుకుంటాయి. పీసీఆర్ ట్యూబు తోడుకోవడానికి సిద్ధంగా ఉన్న పాలలాంటిది. తోడు మనం వేశామా, గాలిలో వచ్చి పడిందా అన్నది దానికి తెలియదు.

ఎంత తోడు చాలో ఒకసారి లెక్క వేసి చూడండి. బాగా నడిచిన 50 మైక్రోలీటర్ల పీసీఆర్‌లో ఒక మైక్రోగ్రాము డీఎన్‌ఏ తయారైందనుకుందాం. ముక్క పొడవు వెయ్యి బేస్ జంటలైతే అందులో దాదాపు లక్ష కోట్ల ప్రతులు ఉంటాయి, అంటే మైక్రోలీటరుకు సుమారు 2 వేల కోట్లు. ఆ ట్యూబు మూతను బొటనవేలితో టప్పున తెరిచినప్పుడు కంటికి కనపడని తుంపర లేస్తుంది. ఆ తుంపరలో ఒక కణం మైక్రోలీటరులో పదిలక్షో వంతే ఉందనుకున్నా, దానిలో 20 వేల ప్రతులు ఉంటాయి. అది గ్లవ్ మీద వాలుతుంది. ఆ గ్లవ్‌తో ఫ్రీజర్ తలుపు తీస్తాం. రేపు పొద్దున కొత్త గ్లవ్స్ వేసుకుని అదే తలుపు పట్టుకుంటాం.

అందుకే పీసీఆర్ కలిపే చోటు, అయిపోయిన పీసీఆర్ ట్యూబులు తెరిచే చోటు వేర్వేరుగా ఉండాలంటారు. గదులు వేరు, చుక్కకన్నా తక్కువ ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్లు వేరు, వేసుకునే ల్యాబ్ కోట్లు కూడా వేరు. శుభ్రమైన గది నుంచి జెల్ గదికి వెళ్లవచ్చు, అక్కడినుంచి అదే రోజు వెనక్కి రాకూడదు. మా నాయనమ్మ మడి కట్టుకున్నప్పుడు పాటించిన దారి దాదాపు ఇదే. మడి పేరు మీద మనుషుల్ని దూరం పెట్టిన చరిత్ర మనకుంది, దాన్ని నేను సమర్థించను. ఇక్కడ దూరం పెడుతున్నది ట్యూబుల్నే. మా ల్యాబ్‌లో రెండు గదులు లేవు. ఉన్న ఒక్క గదిలో ఒక మూల పీసీఆర్ కలపడానికి చిన్న హుడ్ (మూసి ఉండే పెట్టె లాంటిది), రెండో మూల జెల్ ట్యాంకులు. మన దగ్గర చాలా ల్యాబ్‌లు ఇలాగే నడుస్తాయి.

సరే, ఆ బ్యాండ్ ఎక్కడినుంచి వచ్చింది?

ముందు నీళ్లు మార్చాం. అందరూ వాడే పెద్ద సీసా పారేసి కొత్త సీసా తెరిచాం. బ్యాండ్ మళ్లీ వచ్చింది. తర్వాత ప్రైమర్లు మార్చాం. ప్రైమర్లు కంపెనీ నుంచి ఎండిన పొడిగా వస్తాయి. ట్యూబును ఒకసారి స్పిన్ చేసి, పొడి అడుగుకు చేరాకే మూత తీయాలి. నీళ్లలో కరిగించి, ఒకేసారి చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచుకోవాలి. ఆవకాయ జాడీ ఎలా వాడతామో అలాగన్నమాట. పెద్ద జాడీకి వాసెన కట్టి అటక మీద పెడతాం, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాం. తడి గరిట పడినా చిన్న సీసాతోనే పోతుంది. ల్యాబ్ భాషలో దీన్ని ఆలికోట్ అంటాం. కొత్త ఆలికోట్ తీశాం. బ్యాండ్ మళ్లీ వచ్చింది. టాక్ మార్చినా వచ్చింది. చివరికి అన్నీ ఒకేసారి కొత్తవి తెరిచాం. అప్పుడూ వచ్చింది.

ఆ రోజు చాలా టెన్షన్ పడ్డాను. అన్నీ కొత్తవే అయినప్పుడు ఇక మిగిలింది నా చెయ్యి, చేతిలోని పిపెట్.

పిపెట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బయటివాళ్లకు అది బటన్ ఉన్న పెన్నులా కనిపిస్తుంది. మైక్రోలీటరు ఎంతంటే, కుళాయి నుంచి జారే ఒక నీటి చుక్కలో సుమారు 50వ వంతు. అంత కొంచెం ద్రవాన్ని కొలిచి తీసే పని రోజుకు వందలసార్లు చేస్తాం. బటన్ నొక్కితే రెండు ఆగే చోట్లు ఉంటాయి. మొదటి ఆగు దగ్గర నిలిపి, టిప్‌ను, అంటే చివర తగిలించే ప్లాస్టిక్ మొనను, ద్రవంలో కొంచెమే ముంచి, నెమ్మదిగా వదలాలి. బయటికి పోసేటప్పుడు రెండో ఆగు దాకా నొక్కాలి. కొత్తవాళ్లు తీసేటప్పుడే రెండో ఆగు దాకా నొక్కేస్తారు. అప్పుడు కొలత ఎక్కువ వస్తుంది. అంతకన్నా పెద్ద తప్పు బటన్‌ను ఒక్కసారిగా వదిలేయడం. ద్రవం ఎగిరి టిప్ దాటి పిపెట్ గొట్టంలోకి పోతుంది. ఆ గొట్టంలో అంటిన డీఎన్‌ఏ, ఎన్ని కొత్త టిప్‌లు మార్చినా, కొంచెం కొంచెంగా కిందికి రాలుతూనే ఉంటుంది. లోపల దూది లాంటి ఫిల్టర్ ఉన్న టిప్‌లు దీనికోసమే వచ్చాయి. వాటి ధర ఎక్కువ కాబట్టి చాలాచోట్ల పొదుపుగా వాడతారు. నా మాట వింటే, డబ్బు మిగల్చాలంటే మరోచోట మిగల్చండి, పీసీఆర్ కలిపేటప్పుడు మాత్రం ఫిల్టర్ టిప్‌లే వాడండి.

టాక్ మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. దాన్ని సగం గ్లిసరాల్‌లో ఉంచుతారు, అందుకే మైనస్ 20 ఫ్రీజర్‌లో కూడా గడ్డకట్టదు. పాకంలా చిక్కగా ఉంటుంది. టిప్‌ను లోతుగా ముంచితే బయట గోడకు అంటుకుని, లోపలికి తీసినదానికన్నా ఎక్కువ వచ్చేస్తుంది. పైగా బరువు కాబట్టి ట్యూబు అడుగుకు దిగిపోతుంది, కలపకపోతే అక్కడే ఉండిపోతుంది. ఒక్కో ట్యూబుకు కావాల్సింది 0.2 మైక్రోలీటరే అయితే దాన్ని అన్నిసార్లు సరిగ్గా తీయడం ఎవరివల్లా కాదు. అందుకే కాస్త మిగిలేలా 28 ట్యూబులకు సరిపడా ఒకేసారి కలుపుతాం. అప్పుడు తీయాల్సింది 5.6 మైక్రోలీటర్లు, అది చేతికి వస్తుంది. ఈ మాస్టర్ మిక్స్‌ను అన్నిటికీ పంచి, చివర్లో ఒక్కో మొక్క డీఎన్‌ఏ వేస్తాం. నీళ్ల ట్యూబు మూత అన్నిటికన్నా ఆఖర్న వేయాలి. మిగతా ట్యూబులు ఎంతసేపు గాలికి తెరిచి ఉన్నాయో అదీ అంతసేపు ఉండాలి. ముందే మూసేస్తే అది ఏ సాక్ష్యమూ చెప్పదు.

పక్క ల్యాబ్ నుంచి ఒక పిపెట్ అరువు తెచ్చుకుని, మళ్లీ అన్నీ కొత్తవి తెరిచి పీసీఆర్ పెట్టాను. నీళ్ల లేన్ ఖాళీగా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట జెల్ దగ్గర వాడే పిపెట్ రిపేరుకు పోయింది. ఆ వారమంతా అయిపోయిన పీసీఆర్‌లను జెల్ గుంటల్లో వేయడానికి నా పిపెట్‌నే తీసుకెళ్లాను. లక్ష కోట్ల ప్రతులున్న ట్యూబుల్ని దాంతో తాకి, మళ్లీ అదే పిపెట్‌తో శుభ్రమైన నీళ్లు తీశాను. వెతుకులాటలో కొత్తగా తెరిచిన సీసాలన్నింటినీ కూడా దాంతోనే తాకాను కాబట్టి అవీ పారేయాల్సి వచ్చింది.

దాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోదా అని నేనూ అడిగాను. సరిపోదు. ఆల్కహాల్ క్రిముల్ని చంపుతుంది, డీఎన్‌ఏను నాశనం చేయదు. నిజానికి డీఎన్‌ఏను ద్రవం నుంచి విడదీసి దాచుకోవడానికి మనం వాడేది ఆల్కహాల్‌నే. డీఎన్‌ఏను ముక్కలు చేసేది బ్లీచ్. పిపెట్ విప్పి, కింది గొట్టాన్ని పలచని బ్లీచ్‌లో నానబెట్టి, నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి బిగించాం. ఆ తర్వాత త్రాసు మీద కొలత సరిచూశాం. 100 మైక్రోలీటర్ల నీళ్లు 0.1 గ్రాము తూగాలి.

ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 121 డిగ్రీల ఆవిరిలో బతికిన ప్రాణి ఏదీ మిగలదు, చచ్చినదాని డీఎన్‌ఏ ముక్కలు మాత్రం మిగలొచ్చు. ఈ తేడా తెలుసుకోవడానికి జర్మనీ పోలీసులకు ఏళ్లు పట్టింది. 2007లో హైల్‌బ్రాన్ పట్టణంలో ఒక యువ పోలీసు అధికారిణి హత్యకు గురైంది. అక్కడ దొరికిన ఒక స్త్రీ డీఎన్‌ఏ, 1993 నాటి ఒక హత్య స్థలంలో తీసిన డీఎన్‌ఏతో కలిసింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో సుమారు 40 నేర స్థలాల్లో అదే స్త్రీ. ఆచూకీ చెప్పినవారికి 3 లక్షల యూరోల బహుమతి ప్రకటించారు. 2009లో కాలిపోయిన ఒక మగ శవం ఎవరిదో తేల్చే పనిలో అతని పాత వేలిముద్రల మీద కూడా ఆ స్త్రీ డీఎన్‌ఏనే వచ్చింది. అప్పుడు గానీ అసలు విషయం తెలియలేదు. నమూనాలు తీసే దూది పుల్లల్ని ప్యాక్ చేసిన ఫ్యాక్టరీ ఉద్యోగిని డీఎన్‌ఏ అది. ఆ పుల్లలు క్రిమిరహితమే, డీఎన్‌ఏ రహితం మాత్రం కాదు. వాడని పుల్లను ఒకదాన్ని ప్రతి కేసుతో పాటూ పరీక్షకు పెట్టి ఉంటే, అంటే మా నీళ్ల ట్యూబు లాంటిది ఒకటి ఉండి ఉంటే, తొందరగానే దొరికేది. ఆ హత్య వెనుక నియో నాజీ ముఠా ఉందని 2011లో బయటపడింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఎక్స్ఎంఆర్‌వీ అనే వైరస్ కథ. 2009 అక్టోబరులో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఏళ్ల తరబడి తీరని నీరసంతో మంచం పట్టే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ రోగులు 101 మందిలో 68 మంది రక్తంలో ఎలుకల వైరస్‌ను పోలిన ఈ వైరస్ ఉందని, ఆరోగ్యవంతులు 218 మందిలో 8 మందిలోనే ఉందని అందులో రాశారు. "నీకేం లేదు, అంతా నీ మనసులోనే" అనిపించుకుంటూ బతికిన రోగులకు అది ఎంత ఊరటో ఊహించండి. కొందరు హెచ్ఐవీ మందులు కూడా వాడారు. కొన్ని దేశాలు ఈ రోగుల నుంచి రక్తం తీసుకోవడం ఆపేశాయి. కానీ వేరే ల్యాబ్‌లు వెతికితే వైరస్ దొరకలేదు, దొరికిన కొన్నిచోట్ల దాంతోపాటే ఎలుక డీఎన్‌ఏ కూడా దొరికింది. ఎలుక జన్యుపటంలో అలాంటి వైరస్ వరుసలు ఎన్నో ఉంటాయి కాబట్టి ఎలుక కణం ఆనవాలు పడినా పీసీఆర్ పాజిటివ్ వస్తుంది. 2010లో జపాన్ పరిశోధకులు చూస్తే, మార్కెట్లో అమ్మే ఒక కిట్‌లోనే ఆ కల్తీ ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఎంజైమ్ పని మొదలుపెట్టకుండా ఆపడానికి కొన్ని కిట్లలో యాంటీబాడీ కలుపుతారు, అది ఎలుక కణాల నుంచి తయారయ్యేది. ఆ తర్వాత వైరస్ పుట్టుక కూడా తేలింది. 1990లలో ఒక మనిషి కణితిని ల్యాబ్ ఎలుకల్లో పెంచుతున్నప్పుడు రెండు ఎలుక వైరస్‌ల ముక్కలు కలిసి ఇది ఏర్పడింది. 2011 డిసెంబరులో సైన్స్ ఆ పరిశోధనను ఉపసంహరించింది. 2012లో ఏది ఎవరి రక్తమో తెలియకుండా పేర్లు దాచి 147 మంది రోగుల్ని, 146 మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షిస్తే వైరస్ ఎవరిలోనూ లేదు.

నీళ్ల ట్యూబు ఉన్నా కల్తీ ఒక్కోసారి ఎలా తప్పించుకుంటుందో చిన్న లెక్కతో అర్థమవుతుంది. కల్తీ పదింటిలో ఒక ట్యూబులోనే పడుతోందనుకోండి. ఒక్క నీళ్ల ట్యూబు పెడితే 90 శాతం సార్లు అది శుభ్రంగానే వస్తుంది. పది పెట్టినా, పదీ శుభ్రంగా వచ్చే అవకాశం ఇంకా 35 శాతం ఉంటుంది. కాబట్టి ఫలితం ఎంత ముఖ్యమైనదైతే అన్ని ఎక్కువ నీళ్ల ట్యూబులు పెట్టాలి. పీసీఆర్ దగ్గర మాత్రమే కాకుండా డీఎన్‌ఏ తీసే మొదటి మెట్టు నుంచే ఆకు లేని ఒక ఖాళీ ట్యూబును అన్నిటితో పాటు నడిపించాలి.

కరోనా రోజుల్లో ఆర్‌టీపీసీఆర్ మాట మన ఊళ్లల్లో కూడా అందరి నోటా నలిగింది. అక్కడా ఈ నీళ్ల ట్యూబే కాపలా. 2020 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ పంపిన మొదటి కిట్లలో నీళ్ల ట్యూబులకూ పాజిటివ్ రావడంతో పరీక్షలు వారాల పాటు ఆలస్యమయ్యాయి. వైరస్ కోసం చేసే పరీక్షతో పాటు మనిషి జన్యువు ఒకదాన్ని కూడా చూస్తారు. అదీ రాకపోతే ముక్కులో పుల్ల సరిగ్గా పెట్టలేదనో, మధ్యలో పని చెడిందనో అర్థం, దాన్ని నెగటివ్ అని రాయకూడదు. ఆ ఏడాదే సీసీఎంబీ, పుల్లను ద్రవంలో ముంచకుండా పొడిగానే పంపి, వైరస్ జన్యు పదార్థమైన ఆర్ఎన్‌ఏను వేరుచేసే మెట్టును వదిలేసే పద్ధతిని తెచ్చింది. మూతలు తెరిచే సార్లు తగ్గిన కొద్దీ కల్తీకి సందు కూడా తగ్గుతుంది. ఆ రోజుల్లో పీపీఈ సూట్‌లో చెమటతో తడిసిపోతూ, రాత్రింబవళ్లు వేల ట్యూబుల్లో పిపెట్ చేసిన టెక్నీషియన్ల చేతుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా వరి మొక్కల సంగతి చెప్పి ముగిస్తాను. శుభ్రం చేసిన పిపెట్‌తో, ఫిల్టర్ టిప్‌లతో, నాలుగు నీళ్ల ట్యూబులు పెట్టి 24 మొక్కల్నీ మళ్లీ పరీక్షించాం. జెల్ అయ్యాక యూవీ పెట్టె మూత దగ్గర అక్కా నేనూ ఇద్దరం నిలబడ్డాం. నా కళ్లు ముందు చివరి నాలుగు లేన్ల మీదికి వెళ్లాయి. నాలుగూ నల్లగా ఉన్నాయి. తర్వాత మొక్కలు లెక్కపెట్టాం, 11 వచ్చాయి. మర్నాడు పొద్దున్నే గ్రీన్‌హౌస్‌కు వెళ్లి ఆ 11 కుండీలకు ట్యాగులు కట్టాం, మిగతా 13 పక్కకు తీసి పెట్టాం. అందులో 11 మొక్కలు మొదటి ఫొటో ప్రకారం మేం సంకరానికి ఎంచుకోవాల్సినవి.